మాట పడిపోయాక

రాజాం బజారులో ధర్మారావు గిన్నెల కొట్టు తెలియనివాళ్ళు తక్కువ. పెళ్ళిసారెకు స్టీలు బిందెలు కావాలన్నా, గృహప్రవేశానికి బుడితి ఊళ్ళో చేసిన ఇత్తడి సామాను కావాలన్నా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అక్కడికే వచ్చేవారు. సరుకు మంచిది కావడం ఒక కారణం. ధర్మారావు నోరు ఇంకో కారణం. వచ్చినవాళ్ళను వరస కలిపి పిలిచి, కడుపు చెక్కలయ్యేలా నవ్వించి, గరిటె కోసం వచ్చినవాడి చేత గంగాళం కొనిపించి పంపేవాడు.

ఆ నవ్వుల్లో చాలావాటికి సరుకు ఆయన భార్యే.

కన్యాకుమారికి చిన్నప్పటినుంచీ నత్తి. పెళ్ళిచూపుల్లో ఆమె తల వంచుకుని కూర్చోవడంతో ఆ సంగతి బయటపడలేదు. కాపరానికి వచ్చిన కొత్తలో ధర్మారావు దాన్ని మోసమన్నాడు. తరవాత కోపం పోయి వేళాకోళం మిగిలింది. ‘మా ఆవిడ పాలకొండ బస్సు వచ్చిందని సెప్పీలోగా ఆ బస్సు పాలకొండ ఎల్లి తిరిగొచ్చీస్తాది’ అనేవాడు. కొట్టు వెనకే ఇల్లు. ఆమె ఏదైనా అడగడానికి గుమ్మం దాకా వస్తే ఆయన భుజాలు ఎగరేసి, కింది పెదవి ముందుకు పెట్టి, ఆమె ఏ అక్షరం దగ్గర ఆగిందో ఆ అక్షరాన్నే పట్టుకుని సాగదీసేవాడు. కొట్టులో ఉన్నవాళ్ళు నవ్వేవారు. ఆయన ఆమె మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఆ సంగతి తనే పదిమందికీ చెప్పుకునేవాడు.

కూతురు అనిత చిన్నతనంలో తండ్రిని చూసి తల్లిని వెక్కిరించేది. పెద్దయ్యాక మానేసింది గాని, అప్పటికే కన్యాకుమారి కూతురితో కబుర్లాడడం మానుకుంది. అనిత పెళ్ళిలో వీడియో తీసేవాడు పెళ్ళికూతురికి రెండు మాటలు చెప్పమని తల్లి చేతికి మైకు ఇచ్చాడు. ఆమె ‘అ… అ…’ దగ్గరే ఆగిపోయింది. ధర్మారావు మైకు లాక్కుని ఆ ‘అ’ నుంచి మొదలుపెట్టి ‘అం అః’ దాకా చదివాడు. కల్యాణమండపం అంతా నవ్వింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా నవ్వారు. ఆ తరవాత కన్యాకుమారి అవసరానికి మించి నోరు తెరవలేదు. ఉప్పు చాలిందా అని అడగాలన్నా కంచం వైపు చూసి తల ఊపేది.

శ్రావణమాసం పెళ్ళిళ్ళ హడావిడిలో, కొట్టు నిండా జనం ఉండగా, ధర్మారావుకి పక్షవాతం వచ్చింది. ఒక పెద్దావిడకి బిందె చూపిస్తున్నవాడు మాట మధ్యలో తడబడ్డాడు. ‘బ… బ…’ అంటూ ఆగాడు. మూతి ఒక పక్కకి పోయింది. భార్యను వెక్కిరిస్తున్నాడనుకుని అందరూ నవ్వారు. లోపల పప్పు రుబ్బుతున్న కన్యాకుమారి కూడా అలాగే అనుకుని, గుమ్మం దగ్గరికి రాలేదు. చేతిలో బిందె జారిపడ్డాక కూడా కొంతసేపు నవ్వుతూనే ఉన్నారు. ఆయన బల్ల మీదికి ఒరిగిపోతే, కొట్టులో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న సూరయ్య ముందుగా గ్రహించి కేక పెట్టాడు.

ఊళ్ళో డాక్టరుకి చూపించి, అక్కడినుంచి విజయనగరం తీసుకెళ్ళేసరికి మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షనుకి వేళ దాటిపోయింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పడిపోయింది.

నరాల డాక్టరు భాస్కర్ నెమ్మదస్తుడు. కన్యాకుమారినీ, విజయనగరంలోనే కాపరముంటున్న అనితనూ కూర్చోబెట్టి చెప్పాడు. “మీరన్నది ఆయనకి అంతా అర్థమవుతుంది. తిరిగి అనాలంటే మాట దొరకదు. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, రక్తం పలచబరిచే బిళ్ళ, ఈ మూడూ ఒక్క పూట మానినా ఇంకోసారి వస్తుంది. ఫిజియోథెరపీ చేయించండి. మాట కూడా ప్రాక్టీసు చేయించాలి. వచ్చేదేదో ఈ మొదటి నెలల్లోనే ఎక్కువగా వస్తుంది. తరవాత కష్టం.”

అనిత అడిగింది. “రాజాంలో ఒకావిడ ఆక్యుపంక్చర్ చేస్తున్నాదంట డాక్టరు గారూ, చైనా సూదులు. చేయించొచ్చేటి?”

“చేయించుకోండి. దాంతో నయమవుతుందని నేను హామీ ఇవ్వను, కీడు జరుగుతుందని భయపెట్టను. నా బిళ్ళలు మానకూడదు, అంతే.”

ఆ ఒకావిడ పేరు సుహాసిని. శ్రీకూర్మం దగ్గర పల్లెటూరు. ఫిజియోథెరపీ చదివి, చెన్నైలో సూదివైద్యం నేర్చుకుని వచ్చి, పాలకొండ రోడ్డులో రెండూ కలిపి క్లినిక్ పెట్టుకుంది. ఒక గదిలో నడక నేర్పే కడ్డీలు, కరెంటు పెట్టెలు. తెర అవతల సూదుల మంచాలు. మందుబిళ్ళలు ఏం వాడుతున్నారో ముందు అడుగుతుంది. మానేశామని ఎవరైనా గొప్పగా చెప్తే వెనక్కి పంపేస్తుంది.

సూరయ్య ఆటోలోంచి ఎత్తి మంచం మీద పడుకోబెట్టాక, ఆమె ధర్మారావు నాలుక చాపించి రంగు చూసింది. రెండు చేతుల నాడీ మూడేసి వేళ్ళతో పట్టి చూసింది. వెంట్రుక లాంటి సూదులు తలలో, మోచేతి దగ్గర, మోకాలి కింద గుచ్చింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో గుచ్చినప్పుడు ఆయన ఒళ్ళు జలదరించింది.

“బరువుగా ఉన్నాదా బాబాయ్? అలా ఉండాలి. ఈ చోటు ముఖానికి, నోటికి పనిచేస్తాదంటారు చైనావాళ్ళు” అంది. తరవాత ఎండుటాకు పొడి కూరిన ఒక కడ్డీ వెలిగించి, పడిపోయిన కాలికి దగ్గరగా పెట్టి వేడి తగిలించింది. వినాయకచవితి పత్రిలో వేసే మాచిపత్రి వాసన గదంతా కమ్ముకుంది.

సూదులు ఉంచి అరగంట కదలకుండా పడుకోవాలి. సుహాసిని వెళ్తూ వెళ్తూ కన్యాకుమారితో అంది. “ఈ అరగంటా ఆయనతో మాట్లాడుతూ ఉండండమ్మా. ఇంట్లో కూడా. చెవిలో మాట పడుతుంటే నోరు కదలడానికి పూనుకుంటాది.”

“నా… నా… నాకే…” అని కన్యాకుమారి తన నోరు చూపించుకుంది.

“ఏటైనా పరవాలేదు. ఆగి ఆగి చెప్పినా పరవాలేదు. ఆయన తొందరపెట్టరు కదా.”

తెర మూసి ఆమె వెళ్ళిపోయింది. కన్యాకుమారి స్టూలు మీద కూర్చుని భర్త ముఖం చూసింది. ఆయన కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ‘చి… చి…’ అని మొదలుపెట్టింది. అలవాటుగా ఆయన అందుకుంటాడని ఆగింది. ఆయన అందుకోలేదు. ‘చి… చింతపండు ధర పెరిగిపోనాదండీ’ అంది. అంతే. వాక్యం పూర్తయింది. పెళ్ళైన తరవాత ఆయన ఎదుట ఆమె పూర్తిచేసిన మొదటి మాట అదేనేమో.

మరునాడు ఇంకో నాలుగు వాక్యాలు. ఆ వారం తిరిగేసరికి ఆమె తెర వెనక ఆపకుండా మాట్లాడుతోంది. మొదటి అక్షరం దగ్గర చిన్న పట్టు, అది దాటితే మిగతాది నీళ్ళలా వచ్చేస్తోంది. ఆమెకే నమ్మకం కలగలేదు. ఇంటికొచ్చి వంటింట్లో ఒక్కతే నిలబడి, అలమారలో డబ్బాల పేర్లన్నీ పైకి చదువుకుంది. అన్నీ వచ్చాయి. సూరయ్యతో మాట్లాడబోతే మళ్ళీ నాలుక మడతపడింది. భర్తతోనే, ఒంటరిగా ఉన్నప్పుడే, తడుముకోకుండా వస్తోంది.

ఏమేం చెప్పిందో లెక్కలేదు. బొబ్బిలిలో తన చిన్నతనం, ముక్కుతో పాడే లెక్కల మాస్టారు, తనకి నచ్చిన రంగు, నచ్చని ఆడపడుచు. మొదటిసారి కడుపు పోయినప్పుడు ఎవరికీ చెప్పుకోలేక గోనెసంచుల గదిలో కూర్చుని ఏడ్చిన సంగతి. ఆ మాట చెప్పినప్పుడు ధర్మారావు కంట్లోంచి నీళ్ళు కారాయి. ఆమె కొంగుతో తుడిచింది. ఇంత మంచిగా వినే మనిషి ఇన్నాళ్ళూ ఈయనలో ఎక్కడ దాక్కున్నాడా అనుకుంది. స్నానం చేయించి, తల దువ్వి, గంజి చల్లార్చి చెంచాతో పోస్తూ, ఇన్నేళ్ళకి కాపరం మొదలైనట్టు సంబరపడింది. ఆయనకి బాగవ్వాలని నీలమణి దుర్గమ్మకి మొక్కుకుంది. ఆ మొక్కులో ఏ కపటమూ లేదు.

ఆయనకి బాగవుతూనే ఉంది. కాలు పుంజుకుంది. సూరయ్య పట్టుకుంటే కడ్డీల మధ్య అడుగులు వేస్తున్నాడు. గొంతులో శబ్దాలు పుడుతున్నాయి. సుహాసిని సంతోషపడింది గాని గొప్పలు చెప్పుకోలేదు. “సూది వల్లో, ఎక్సర్‌సైజు వల్లో, మెదడు తనంతట తాను కోలుకుంటోందో నేను చెప్పలేనమ్మా. మూడూ నడుస్తున్నాయి. ఏదీ ఆపొద్దు. ఇప్పుడు ఆగితే ఆగినచోటే ఉండిపోతారు.”

కార్తీకమాసంలో ఒకరోజు క్లినిక్‌లో మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కువయ్యారు. ధర్మారావుని తెర బయటే, వాలుకుర్చీలో కూర్చోబెట్టి తలకి సూదులు పెట్టింది సుహాసిని. పక్కనున్న ముసలావిడ పలకరింపుగా కన్యాకుమారిని అడిగింది. “ఏ ఊరమ్మా మీది?”

“మ… మ… మా…” కన్యాకుమారి తల వంచుకుంది. కొత్తవాళ్ళ ముందు నాలుక కట్టేసింది. “మా… మ…”

కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది.

“మ… మ… మ…”

ఆమె తల తిప్పి చూసింది. ధర్మారావు ఎడమ భుజం ఎగరేశాడు. కింది పెదవి ముందుకు పెట్టాడు. పక్షవాతం వదిలిన సగం ముఖంతో నవ్వుతున్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి ఇంకా స్పష్టంగా, సాగదీసి. “మ… మ… మా…”

సుహాసిని పరుగున వచ్చి చప్పట్లు కొట్టింది. “‘మ’ వచ్చేసింది! అమ్మా, విన్నారా? అక్షరం వచ్చింది! బాబాయ్, మళ్ళీ అనండి, మళ్ళీ!”

ధర్మారావు మళ్ళీ అన్నాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా సంతోషంగా నవ్వారు. ఒకావిడ కన్యాకుమారి చెయ్యి పట్టుకుని, “నీ అదృష్టం గట్టిదమ్మా, నీ మాటకే బదులిస్తన్నాడు సూడు” అంది. అందరూ తనకేసి చూస్తున్నారు గనక కన్యాకుమారి కూడా నవ్వవలసి వచ్చింది. ఆ ముఖం చూశాక సుహాసిని చప్పట్లు ఆపేసింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో కన్యాకుమారి ఎప్పటిలా మంచం పక్కన కూర్చుంది. చిన్న ప్రయత్నం చేసింది. “ఈ… ఈ… ఈవేళ…” మాట పెగల్లేదు. ధర్మారావు కళ్ళు మెరిశాయి. పెదవి ముందుకొచ్చి కాచుకుని ఉంది. ఆమె ఆ పెదవిని చాలాసేపు చూసింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, అలమార ముందు నిలబడి డబ్బాల పేర్లు చదవబోయింది. అవి కూడా రాలేదు.

మరుసటిసారి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు సుహాసిని సూదులకి సన్నని తీగలు తగిలించి, కరెంటు పెట్టె మీద మర కొద్దిగా తిప్పింది. ధర్మారావు వేళ్ళు వాటంతటవే అదరడం మొదలుపెట్టాయి.

“ఇం… ఇంకొంచెం పెంచండి” అంది కన్యాకుమారి.

“చాలమ్మా. ఇంతకన్నా పెంచితే నొప్పి తప్ప లాభం ఉండదు.”

“పె… పెంచండి. తట్టుకుంటారు.”

సుహాసిని మర మీంచి చెయ్యి తీసేసి ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్ళింది. “ఆ రోజు నేను చూశానమ్మా. నాకు తెలీక చప్పట్లు కొట్టీసాను. కానీ ఈ జబ్బులో పాత అలవాటుగా ఉన్న మాటే ముందు బయటికొస్తాది. కొందరికి బూతులే ముందు వస్తాయి. ఆయన కావాలని…”

“కా… కావాలనే.” కన్యాకుమారి గొంతు ఎత్తలేదు. “ఆ పె… పెదవి నాకు తెలుసు.”

ఆ తరవాత కన్యాకుమారి ఆయన్ని క్లినిక్‌కి తీసుకురాలేదు.

ఆటో పిలవబోయిన సూరయ్యను చేత్తో వారించింది. డాక్టరు చెప్పినట్టు రోజూ ఇంటికొచ్చి మాట ప్రాక్టీసు చేయించే కుర్రదాన్ని గుమ్మంలోంచే పంపేసింది. కూతురికి ఫోనులో చెప్పింది, ఆగి ఆగి, కానీ జంకు లేకుండా అబద్ధం: సూదులంటే నాన్నకి భయం పట్టుకుంది, రాత్రిళ్ళు ఏడుస్తున్నాడు, కొన్నాళ్ళు ఆపుదాం.

మిగతా ఏదీ ఆపలేదు. ఉదయం బీపీ బిళ్ళ, తిండికి ముందు షుగరు బిళ్ళ, తిన్నాక రక్తం పలచబరిచేది. ఉప్పు తగ్గించి వండింది. ఒళ్ళు పుండు పడకుండా పూటపూటకీ పక్క మార్చింది. డాక్టరు భాస్కర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బీపీ చూసి, రక్తపరీక్ష చూసి, వెన్ను తిప్పి చర్మం చూసి, “ఇలా చూసుకునేవాళ్ళు అరుదమ్మా. ఇలాగైతే ఇంకా చాలా ఏళ్ళు ఉంటారు” అన్నాడు.

“ఉం… ఉండాలనే” అంది ఆమె.

“మాట సంగతేమిటి? ప్రాక్టీసు జరుగుతోందా?”

జరుగుతోందన్నట్టు ఆమె తల ఊపింది. ధర్మారావు గట్టిగా శబ్దం చేశాడు. ఎడమచేత్తో బల్ల కొట్టాడు. తరవాతి రోగి అప్పటికే తలుపు తోసుకుని వస్తున్నాడు. “ఇలాంటి జబ్బులో కోపం సహజం. దానికీ ఒక బిళ్ళ రాస్తాను” అన్నాడు డాక్టరు. ఆ బిళ్ళ కూడా ఆమె వేళకి వేస్తూ వచ్చింది.

ఏం పోతోందో ధర్మారావుకి తెలుసు. మాట మీద బతికిన మనిషి. క్లినిక్‌లో ‘మ’ అన్ననాడు తన నోరు తనకి తిరిగొస్తోందని పొంగిపోయాడు. ఇప్పుడు రోజులు గడుస్తున్నాయి, ఎత్తుకెళ్ళడానికి సూరయ్య రావడం లేదు, ఆటో రావడం లేదు. ఎడమచేత్తో కుడిచేతి బొటనవేలి పక్క కండ నొక్కి చూపించేవాడు. వీధి వైపు చూపించేవాడు. కన్యాకుమారి చూసి కూడా దుప్పటి సర్దేది.

ఒక ఆదివారం అనిత వచ్చింది. ఆమె భర్తకి భోగాపురం ఎయిర్‌పోర్టు పనుల్లో ఉద్యోగం, సెలవు దొరకడం కష్టం. వచ్చిన కాసేపట్లో తిరిగి వెళ్ళాలి. ధర్మారావు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దాన్ని తన కుడిచేతి మీదికి లాగి, సూది గుచ్చే చోట పెట్టి, నొక్కి, నొక్కి, ఏడ్చాడు.

“ఇక్కడేనా నాన్నా గుచ్చినారు? ఇంత నొప్పెట్టీసినారేటి?” అనితకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నొక్కాడు. వీధి చూపించాడు. గొంతు పగిలేలా శబ్దం చేశాడు.

“వద్దులే నాన్నా. ఇంక ఆ సూదులు వద్దులే. నాను ఒట్టేసి సెప్తన్నాను, ఆ క్లినిక్‌కి నిన్నింక పంపం. అమ్మా, సూడు ఎంత బెదిరిపోయినాడో!”

కన్యాకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన చూపు కూతురి భుజం మీదుగా ఆమె మీద పడింది. ఒక్క మాట చెప్పమని ఆ చూపు అడుగుతోంది. ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి కూతురికి ఇచ్చింది.

సుహాసిని ఊరుకోలేదు. ఒకరోజు సాయంత్రం కొట్టుకే వచ్చింది. గల్లాపెట్టె దగ్గర కన్యాకుమారే కూర్చుని ఉంది. ఈ మధ్య కొట్టు ఆమే చూసుకుంటోంది. ఎవరు ఏమడిగినా ఆగి ఆగి బదులిస్తుంది, పూర్తయ్యేదాకా కొనేవాళ్ళు నిలబడాల్సిందే. ఒకతను నవ్వితే అతని చేతిలో గిన్నె తీసుకుని తిరిగి అరలో పెట్టేసింది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

“నా దగ్గరికే రానక్కర్లేదమ్మా” అంది సుహాసిని. “సూదులు మానీయండి. మాట నేర్పించేవాళ్ళ దగ్గరికైనా పంపండి. వచ్చిన అక్షరం కూడా పోతాది. తరవాత మీరు కావాలనుకున్నా రాదు.”

“తె… తెలుసు.”

“తెలిసీ చేస్తున్నారా?”

కన్యాకుమారి ఒక ఇత్తడి చెంబు తీసి గుడ్డతో తుడవసాగింది. సుహాసిని చెప్పులు విప్పి లోపలికి వెళ్ళబోయింది. కన్యాకుమారి లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. లోపలినుంచి ధర్మారావు, ఆ గొంతు గుర్తుపట్టి కాబోలు, మంచం పట్టె మీద చేత్తో కొడుతున్న చప్పుడు వస్తోంది.

సుహాసిని ఆ రాత్రే అనితకి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అనిత చివరిదాకా విని, “మా అమ్మ నాన్నని ఎలా సూస్తన్నాదో డాక్టరు గారే మెచ్చుకున్నారండీ. మీకు పేషెంటు పోయినాడని ఇంత మాట అనకూడదు” అని పెట్టేసింది. సుహాసిని డాక్టరు భాస్కర్‌కి కూడా చెప్పాలనుకుంది. ఆయన ఆస్పత్రికి రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తినమ్మాయి ఆయన బిజీగా ఉన్నారంది. మూడోసారి ఆమె చెయ్యలేదు. తన క్లినిక్‌లోనూ వరసలో జనం ఉన్నారు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కన్యాకుమారి భర్తకి అన్నం పెట్టి, మూతి కడిగి లేవబోతుంటే ఆయన ఆమె కొంగు పట్టుకున్నాడు. ముఖమంతా బిగబట్టి, నుదుట నరాలు ఉబ్బి, ఏదో లాగడానికి పెనుగులాడాడు.

“క…”

ఆమె ఆగింది.

“క… క… కన్… న…”

ఎవరూ నేర్పకుండా, ఇన్ని నెలలూ పడుకుని తనలో తాను కూడగట్టుకున్నది అది. భుజం ఎగరెయ్యలేదు. పెదవి ముందుకు రాలేదు. చెంపల మీంచి నీళ్ళు దిండు మీదికి కారుతున్నాయి. ఇది వెక్కిరింత కాదని ఆమెకి తెలిసింది. తన పేరే పిలుస్తున్నాడని తెలిసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను పేరుపెట్టి మెత్తగా పిలిచింది లేదు.

ఆమె తిరిగి కూర్చుంది. ముఖం ఆయన ముఖానికి దగ్గరగా తెచ్చింది. రెండు భుజాలూ ఎగరేసింది. కింది పెదవి ముందుకు పెట్టింది.

“క… క… క… ఏటండీ?” అంది. “క… క… కాఫీయా? క… క… కంచమా? క… క… కర్రా?”

ధర్మారావు నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. కొంగు పట్టుకున్న వేళ్ళు వదులయ్యాయి.

“సెప్పండి. నాకు తొందర లేదు. పాలకొండ బస్సు ఎల్లి తిరిగొచ్చీదాకా కూకుంటాను, సెప్పండి.”

అంత పొడుగు వాక్యం ఆమె నోటివెంట ఎక్కడా తగలకుండా వచ్చింది. ఆమె దాన్ని గమనించింది. ఒళ్ళు వేడెక్కింది, అయినా లోపల ఎక్కడో చల్లగా కూడా అనిపించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు తరవాత ఆయన ఏ అక్షరమూ ప్రయత్నించలేదు. ఉగాదికి అనిత వచ్చి ‘నాన్నా అను, నాన్నా అను’ అని ఎంత బతిమాలినా పెదవులు బిగించుకునే ఉన్నాడు. మెదడు ఇంతే కోలుకున్నదని అనిత సరిపెట్టుకుంది. వెళ్ళేటప్పుడు తల్లిని కౌగిలించుకుని, “నువ్వు కాబట్టి సరిపోయింది అమ్మా” అంది.

వీధిలో కన్యాకుమారికి మంచి పేరు. కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్ళకి ఆమెను చూపించి చెప్తారు. ధర్మారావు ఒంటి మీద ఒక్క పుండు లేదు. రంగు తేలాడు. కొద్దిగా ఒళ్ళు కూడా చేశాడు.

మధ్యాహ్నం కొట్టు సూరయ్యకి అప్పగించి ఆమె లోపలికి వస్తుంది. అన్నం పెడుతుంది, బిళ్ళలు వేస్తుంది, తడిగుడ్డతో మెడ తుడుస్తుంది. తరవాత తలుపు చేరవేసి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని మొదలుపెడుతుంది. కొట్టులో ఆయన చెప్పిన వేళాకోళాలన్నీ ఒకటొకటీ, ఎవరెవరు నవ్వారో, ఎంత గట్టిగా నవ్వారో, ఆ రోజు తను ఏ చీర కట్టుకుని ఉందో. ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగదు.

ఆయన వినలేక ముఖం గోడవైపు తిప్పుకుంటాడు.

ఆమె లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, కుర్చీ అటువైపు వేసుకుంటుంది.